మార్కనెన్ బేరం జరగాలి, కానీ పొజెమ్‌స్కీని మిగుల్చుకుని

సంపాదకులు గారికి,

నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు యూటా జాజ్ నుంచి లౌరి మార్కనెన్‌ను తెచ్చుకోవాలా వద్దా అన్న అంశంపై మీ క్రీడా పుటలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చేతిలో ఉన్న కుర్రాళ్లను, రాబోయే ఏళ్ల డ్రాఫ్ట్ హక్కులను (కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే హక్కులను) ధారపోసి ఒక్క పవర్ ఫార్వర్డ్‌ను, అంటే ముందువరుసలో ఆడే పొడగరిని, కొనుక్కోవడం తొందరపాటని, జట్టు మరో ఏడాది ఓపిక పట్టాలని వ్యాసకర్త తేల్చారు. ఆయన చూపిన కారణాల్లో ఒకటి రెండు బలమైనవే గానీ, ఆయన వచ్చిన నిర్ణయంతో మాత్రం ఏకీభవించలేకపోతున్నాను. ఈ ట్రేడ్, అంటే ఆటగాళ్ల మార్పిడి, జరగాలి, ఈ 2024 వేసవిలోనే జరగాలి, అయితే కుర్ర ఆటగాడు పొజెమ్‌స్కీని మిగుల్చుకోవాలన్న షరతు మీద జరగాలి అన్నది నా అభిప్రాయం. లేఖ కాస్త పొడవైంది. స్థలాభావం వల్ల కత్తిరించాల్సి వస్తే విశేషణాలు తీసేసి అంకెలను ఉంచమని మనవి.

మన పాఠకుల్లో ఎక్కువ మందికి ఆటగాళ్ల బదిలీ అంటే ఐపీఎల్ బదిలీయే. 2024 సీజన్‌కు ముందు హార్దిక్ పాండ్యాను గుజరాత్ టైటాన్స్ నుంచి ముంబై ఇండియన్స్ వెనక్కు తెచ్చుకున్నప్పుడు డబ్బు కట్టారే తప్ప, బదులుగా ముంబై ఆటగాడెవరూ అటు వెళ్లలేదు. ఎన్‌బీఏలో అలా కుదరదు. జట్ల మీద జీతాల పరిమితి ఉంటుంది కాబట్టి, పరిమితి దాటిన జట్టు ఒక ఖరీదైన ఆటగాడిని తెచ్చుకోవాలంటే అతని జీతానికి దాదాపు సరితూగే జీతాలున్న ఆటగాళ్లను బయటకు పంపాలి. వాళ్లతో విలువ సరిపోకపోతే రాబోయే డ్రాఫ్టుల్లో తన మొదటి రౌండ్ హక్కులను కలపాలి. ఆ హక్కులను కూడా వరుసగా రెండేళ్లవి వదులుకోకూడదన్న నియమం ఉంది. 1980ల తొలినాళ్లలో క్లీవ్‌లాండ్ యజమాని టెడ్ స్టెపియన్ చేసిన విచ్చలవిడి బేరాల పుణ్యమా అని వచ్చిన నియమమది. అందుచేత మార్కనెన్ మంచి ఆటగాడా కాదా అన్న చర్చతో మనకు తేలేదేమీ లేదు, అతను మంచి ఆటగాడేనని వ్యాసకర్త కూడా ఒప్పుకున్నారు. బేరం ముగిశాక వారియర్స్ దగ్గర ఎవరు మిగులుతారు, వాళ్లు మార్కనెన్‌తో కలిసి ఎలా ఆడతారు అన్నదే తేల్చుకోవాలి. వ్యాసంలో నాకు లోపించినట్టు కనిపించింది సరిగ్గా ఈ భాగమే.

వారియర్స్ ఇప్పుడు ఎక్కడున్నారో చూద్దాం. 2023-24 సీజన్‌లో 46 గెలిచి 36 ఓడి పశ్చిమ విభాగంలో పదో స్థానంలో నిలిచారు. ఏప్రిల్ 16న శాక్రమెంటోలో జరిగిన ప్లే-ఇన్ (ప్లేఆఫ్స్‌కు అర్హత తేల్చే) మ్యాచ్‌లో 118-94 తేడాతో ఓడి, అసలు ప్లేఆఫ్స్‌కే చేరలేదు. ఆ రాత్రి పది షాట్లు ప్రయత్నించి ఒక్కటీ రింగ్‌లో వేయలేకపోయిన క్లే థాంప్సన్ ఈ నెలలో డల్లాస్‌కు వెళ్లిపోయాడు. క్రిస్ పాల్‌ను కూడా వదిలేశారు. స్టీఫెన్ కర్రీకి 36 ఏళ్లు, అతని ఒప్పందంలో ఇంకా మిగిలింది రెండు సీజన్లు. డ్రేమండ్ గ్రీన్‌కు 34 ఏళ్లు; పైగా సస్పెన్షన్ల కారణంగా నిరుటి సీజన్‌లో చాలా మ్యాచ్‌లకు అతను అందుబాటులోనే లేడు. ఇలాంటి జట్టుకు "మరో ఏడాది ఓపిక" అన్న సలహా ఇస్తున్నామంటే, కర్రీకి మిగిలిన రెండేళ్లలో ఒకటి వదులుకోమని చెబుతున్నట్టే.

ఆటలో అసలు లోటు ఎక్కడుందో కొంచెం వివరంగా చెప్పాలి. పదేళ్లుగా వారియర్స్ దాడికి ఆయువుపట్టు ఒక్కటే ఎత్తుగడ. రింగ్‌కు ముప్ఫై అడుగుల దూరంలో గ్రీన్ అడ్డు నిలబడి స్క్రీన్ ఇస్తాడు, కర్రీ దాన్ని ఆనుకుని బయటపడతాడు, అతన్ని ఒంటరిగా వదిలే ధైర్యం ఎవరికీ ఉండదు కనుక ఇద్దరు డిఫెండర్లు మీదకు వస్తారు, కర్రీ బంతిని మధ్యలోకి జారిన గ్రీన్‌కు అందిస్తాడు. అక్కడి నుంచి నలుగురు ముగ్గురి మీద ఆడుతున్నట్టు. ఇది పారాలంటే మిగతా ముగ్గురు సహచరులను కాపలా కాసే ముగ్గురూ తమ తమ మనుషులను వదల్లేని స్థితిలో ఉండాలి. నిరుడు ఆ స్థితి లేదు. చేజ్ సెంటర్‌లో పై వరుసల్లో కూర్చుని చూసేవాళ్లకు టీవీలో కనిపించని సంగతి ఒకటి కనిపిస్తుంది: మూలన నిలబడ్డ వారియర్స్ ఆటగాడిని కాపలా కాయాల్సిన మనిషి అతనికి వీపు చూపించి, ఒక కాలు రింగ్ ముందున్న పెయింట్‌లో పెట్టి, గ్రీన్ కోసమే ఎదురుచూస్తుంటాడు. మూలన ఉన్నది జొనాథన్ కుమింగా అయితే, రింగ్ దగ్గర ఉన్నది కెవాన్ లూనీ అయితే, ఎదుటివాళ్లు ఈ పని చాలా నిశ్చింతగా చేస్తారు. గ్రీన్ తల ఎత్తి చూసేసరికి దారి మూసుకుపోయి ఉంటుంది; బంతి మళ్లీ బయటకు, మళ్లీ కర్రీకి, షాట్ వేయడానికి ఇచ్చిన గడువులో ఐదారు సెకన్లే మిగిలుండగా.

ఏడడుగుల మార్కనెన్ ఆ మూలన నిలబడితే కాపలాదారు కాలు పెయింట్‌లోకి రాదు. 2022-23లో అతను సగటున 25.6 పాయింట్లు, 8.6 రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతిని చేజిక్కించుకోవడం) సాధించి ఆల్‌స్టార్ అయ్యాడు, ఆ ఏడాది అత్యధికంగా మెరుగుపడిన ఆటగాడి పురస్కారం కూడా అందుకున్నాడు. ఒకే సీజన్‌లో 200 త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), 100 డంక్‌లు (బంతిని నేరుగా రింగ్‌లోకి దించడం) చేసిన ఆటగాడు అంతకుముందు ఎన్‌బీఏ చరిత్రలోనే లేడు. నిరుడు 23.2 పాయింట్లు, త్రీ పాయింటర్లలో 39.9 శాతం. అంకెల కన్నా నాకు ముఖ్యంగా తోచేది అతను షాట్లు సంపాదించుకునే తీరు. యూటా కోచ్ విల్ హార్డీ అతన్ని ఒక గార్డ్‌ను పరిగెత్తించినట్టు స్క్రీన్ల చుట్టూ పరిగెత్తిస్తాడు. బంతి చేతికి వచ్చిన మరుక్షణం షాట్ వెళ్లిపోతుంది. స్టీవ్ కర్ శిక్షణలో వారియర్స్ ఆడేదీ సరిగ్గా అలాంటి ఆటే. థాంప్సన్ వదిలి వెళ్లిన పరుగును ఇంకో అర అడుగు ఎత్తున్న మనిషి పరిగెత్తుతాడు, అంతే తేడా. మార్కనెన్ అసిస్టులు (సహచరుడి స్కోరుకు దారితీసే పాస్‌లు) మ్యాచ్‌కు రెండు మాత్రమేనని వ్యాసకర్త లోపంగా చూపారు. కర్రీ, గ్రీన్, కుర్ర గార్డ్ పొజెమ్‌స్కీ ఉన్న జట్టులో బంతిని పంచేవాళ్లకు కొదవ లేదు, దాన్ని పట్టుకుని ఆలస్యం చేయకుండా పాయింట్లు వేసే స్కోరర్‌కే కొరత.

ప్లేఆఫ్ అనుభవం లేదన్న ఆక్షేపణ నిజమే. షికాగోలో నాలుగేళ్లు, క్లీవ్‌లాండ్‌లో ఒక ఏడాది, యూటాలో రెండేళ్లు ఆడినా మార్కనెన్ ఇప్పటివరకు ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అయితే దీన్ని అతని జట్ల లోపంగా చూడాలో, అతని లోపంగా చూడాలో ఆలోచించాలి. 2021 మార్చిలో డెన్వర్ తెచ్చుకున్న ఆరన్ గార్డన్‌కు కూడా ఒర్లాండోలో ప్లేఆఫ్ అనుభవం నామమాత్రమే. అక్కడ అతను జట్టు భారమంతా మోయాల్సిన మనిషిగా విఫలమయ్యాడనే పేరు కూడా తెచ్చుకున్నాడు. డెన్వర్‌లో నికోలా యోకిచ్ పక్కన, తన వంతు పని తాను చేస్తే చాలన్న పరిస్థితిలో, 2023లో చాంపియన్ అయ్యాడు. డెన్వర్ అతనికి బదులుగా గ్యారీ హారిస్, ఆర్.జె. హాంప్టన్‌లతో పాటు ఒక మొదటి రౌండ్ హక్కు ఇచ్చింది. యోకిచ్‌ను, జమాల్ ముర్రేను, మైకేల్ పోర్టర్‌ను ముట్టుకోలేదు.

ఇక కుర్రాళ్ల వాదన. వారియర్స్ ఈ బాట ఒకసారి తొక్కి చూశారు. 2020 డ్రాఫ్ట్‌లో రెండో స్థానంలో జేమ్స్ వైజ్‌మన్‌ను, 2021లో ఏడో స్థానంలో కుమింగాను, పద్నాలుగో స్థానంలో మోజెస్ మూడీని ఎంచుకుని, ఒకవైపు కర్రీతో గెలుస్తూనే మరోవైపు రేపటి జట్టును పెంచుకుందామనుకున్నారు. 2022 టైటిల్ వచ్చింది, నిజమే. దాన్ని తెచ్చింది కర్రీ, థాంప్సన్, గ్రీన్, ఆండ్రూ విగ్గిన్స్. ఆ ఫైనల్లో ఈ కుర్రాళ్ల పాత్ర బహు స్వల్పం. వైజ్‌మన్‌ను 2023 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌కు పంపేశారు. కుమింగా మాత్రం నిజంగా ఎదిగాడు, 21 ఏళ్లకే నిరుడు సగటున 16 పాయింట్లు వేశాడు, ఆ మాట వ్యాసకర్త రాసింది అక్షరాలా నిజం. కానీ అతనికి బంతి చేతిలో ఉండాలి, రింగ్ వైపు ఖాళీ ఉండాలి, దూరం నుంచి వేసే షాట్లలో మూడింట ఒక వంతు కూడా పడటం లేదు. అంటే కర్రీ, గ్రీన్‌లతో కలిసి ఆడేటప్పుడు అతనికి కావాల్సింది వాళ్లు ఇవ్వలేరు, వాళ్లకు కావాల్సింది అతను ఇవ్వలేడు. వేరే జట్టులో అతను ఆల్‌స్టార్ అయితే నేను ఆశ్చర్యపోను. ఒక సంగతి గుర్తు చేయాలి: 2020 ఫిబ్రవరిలో డి'ఏంజెలో రసెల్‌ను మిన్నెసోటాకు పంపి విగ్గిన్స్‌ను తెచ్చుకున్నప్పుడు కలిసొచ్చిన డ్రాఫ్ట్ హక్కే తరువాత కుమింగా అయింది. ట్రేడ్‌లో వచ్చిన ఆటగాడిని ట్రేడ్‌లో పంపడం అపచారమేమీ కాదు.

బేరానికి అవతలి వైపు యూటా తరఫున కూర్చున్నది, ఒకప్పుడు బోస్టన్ జట్టు బేరాలు నడిపిన డానీ ఎయింజ్ అన్న విషయాన్ని వ్యాసం ఒక్క వాక్యంతో దాటేసింది. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం అతనే, ఎందుకంటే ఒకే పవర్ ఫార్వర్డ్‌ను ఒకసారి కొని, మరోసారి అమ్మి, రెండుసార్లూ లాభపడిన మనిషి అతను. 2007లో బోస్టన్ సెల్టిక్స్ 24 గెలిచి 58 ఓడిన జట్టు. ఆ వేసవిలో ఎయింజ్ 31 ఏళ్ల కెవిన్ గార్నెట్ కోసం మిన్నెసోటాకు ఐదుగురు ఆటగాళ్లను, రెండు మొదటి రౌండ్ హక్కులను ఇచ్చాడు. ఆ ఐదుగురిలో 22 ఏళ్ల ఆల్ జెఫర్సన్ ఉన్నాడు. బోస్టన్ భవిష్యత్తు అతనిదేనని అంతా అనుకున్న కుర్రాడు. మరుసటి ఏడాది బోస్టన్ 66 గెలిచి టైటిల్ ఎత్తుకుంది. ఇక్కడ గమనించాల్సింది ఇచ్చినవాళ్ల జాబితా కాదు. పాల్ పియర్స్‌తో పాటు, అప్పటికి పెద్దగా పేరులేని రాజన్ రాండోను, కెండ్రిక్ పెర్కిన్స్‌ను ఎయింజ్ తన దగ్గరే ఉంచుకున్నాడు. జెఫర్సన్ ఆడేది గార్నెట్ ఆడే చోటే, కాబట్టి అతను వెళ్లినా ఖాళీ ఏర్పడలేదు. రాండో వెళ్లి ఉంటే బంతి తెచ్చేవాడే ఉండేవాడు కాదు.

ఆరేళ్లు తిరిగేసరికి, 2013లో, అదే గార్నెట్‌ను, పియర్స్‌ను ఎయింజ్ బ్రూక్లిన్ నెట్స్‌కు అంటగట్టాడు. గార్నెట్‌కు అప్పటికి 37 ఏళ్లు. బ్రూక్లిన్ 2014, 2016, 2018 మొదటి రౌండ్ హక్కులను ఏ రక్షణ షరతూ (ఎంపిక స్థానం మరీ మంచిదైతే ఇవ్వనక్కర్లేదన్న మినహాయింపు) లేకుండా రాసిచ్చింది, 2017లో స్థానాలు మార్చుకునే హక్కు కూడా ఇచ్చింది. బదులుగా ప్లేఆఫ్స్‌లో ఒకే ఒక్క సిరీస్ గెలిచింది. ఆ హక్కుల నుంచే బోస్టన్‌కు జేలెన్ బ్రౌన్, జేసన్ టేటమ్ దొరికారు. గత నెలలో బోస్టన్ గెలిచిన టైటిల్ వాళ్లిద్దరిదే. వ్యాసకర్త బ్రూక్లిన్ కథను హెచ్చరికగా వాడుకున్నారు, మంచిదే. అయితే మార్కనెన్ వయసు 27. అతన్ని గార్నెట్‌తో పోల్చాలంటే 2013 నాటి గార్నెట్ కన్నా 2007 నాటి గార్నెట్‌తో పోల్చడమే న్యాయం. తర్వాత యూటాకు వెళ్లిన ఎయింజ్ 2022లో రూడీ గోబేర్ కోసం మిన్నెసోటా నుంచి నాలుగు మొదటి రౌండ్ హక్కులు పిండాడు, అందరూ నవ్వారు. ఆ మిన్నెసోటా నిరుడు 56 మ్యాచ్‌లు గెలిచి పశ్చిమ విభాగం ఫైనల్‌కు చేరింది. అధిక ధర చెల్లించిన ప్రతివాడూ మోసపోయినట్టు కాదు.

బే ఏరియాలో ఉండే మనవాళ్లకు ఇంకో ఉదాహరణ చెప్పనక్కర్లేదు, వాళ్లే కళ్లారా చూశారు. 2014లో క్లీవ్‌లాండ్ కెవిన్ లవ్ అనే పవర్ ఫార్వర్డ్ కోసం వరుసగా రెండు డ్రాఫ్టుల్లో మొట్టమొదట ఎంపికైన ఇద్దరు కుర్రాళ్లను, విగ్గిన్స్‌ను, ఆంథొనీ బెనెట్‌ను మిన్నెసోటాకు వదులుకుంది. అప్పట్లో దాన్ని తప్పుపట్టినవాళ్లు చాలామంది. 2016 జూన్ 19న ఓక్‌లాండ్‌లో, ఏడో మ్యాచ్ చివరి నిమిషంలో, మూడు పాయింట్లు వెనకబడిన కర్రీ ఎదురుగా దొరికిపోయినవాడు ఆ లవ్. కర్రీ ఎడమకు, కుడికి, మళ్లీ వెనక్కు కదిలి, ఎంత ఆడించినా లవ్ అడుగులు తడబడలేదు, చెయ్యి దించలేదు, షాట్ తప్పింది. చేతకాదనుకున్న డిఫెన్స్‌ను టైటిల్ పణంగా ఉన్న క్షణంలో చేసి చూపించిన పవర్ ఫార్వర్డ్ అతను. ఆ పోటీలో ఓడింది మనమే కాబట్టి ఈ ఉదాహరణ ఇవ్వడం నాకు సరదా ఏమీ కాదు.

ఇప్పుడు షరతు సంగతి. యూటా బ్రాండిన్ పొజెమ్‌స్కీని కోరుతోందని, వారియర్స్ ససేమిరా అంటున్నారని అమెరికా పత్రికలు రాస్తున్నాయి. ఈ ఒక్క విషయంలో వారియర్స్ పట్టుదల సబబే. శాంటా క్లారా విశ్వవిద్యాలయం నుంచి 2023 డ్రాఫ్ట్‌లో 19వ స్థానంలో వచ్చిన ఈ కుర్రాడు తొలి ఏడాదే ఆల్-రూకీ (లీగ్‌లోని మేటి కొత్త ఆటగాళ్ల) మొదటి జట్టులో చోటు సంపాదించాడు. గార్డ్ అయ్యుండి మ్యాచ్‌కు దాదాపు ఆరు రీబౌండ్లు తెస్తాడు, దూసుకొచ్చేవాడి దారిలో నిలబడి చార్జ్ (ఢీకొట్టినవాడి మీద ఫౌల్) రాబట్టుకుంటాడు, థాంప్సన్ వెళ్లిపోయాక కర్రీ పక్కన బంతి తెచ్చే భారం ఎక్కువగా పడేది అతని మీదే. బోస్టన్‌కు రాండో ఎలాంటివాడో ఇక్కడ ఇతను అలాంటివాడు. అందుచేత నా లెక్క ఇది: కుమింగా, మూడీ, లూనీలను పంపాలి. ముగ్గురి జీతాలు కలిపి సుమారు 2 కోట్ల 14 లక్షల డాలర్లు, మార్కనెన్ జీతం 1 కోటి 80 లక్షలు, కాబట్టి నిబంధనల చిక్కు రాదు. వాటిమీద నియమాలు అనుమతించినన్ని మొదటి రౌండ్ హక్కులను షరతులు లేకుండా ఇచ్చేయాలి. 2030 హక్కును జోర్డన్ పూల్ అనే ఆటగాడిని పంపిన బేరంలో షరతులతో వాషింగ్టన్‌కు ఎలాగూ ఇచ్చే ఉన్నారు, మిగిలినవాటిని దాచుకుని కర్రీ లేని జట్టుకు కాపలా పెట్టనక్కర్లేదు. పొజెమ్‌స్కీని మిగుల్చుకోవడమే నా మొదటి కోరిక; ఒకవేళ ఎయింజ్ అతను లేనిదే మాట్లాడనంటే, తప్పనిసరై అతన్ని ఇచ్చి కుమింగాను వెనక్కు తీసుకోవాలి. ఇద్దరూ కలిసి వెళ్లడానికి మాత్రం వీల్లేదు.

డబ్బు విషయంలో వ్యాసకర్త భయాన్ని కొట్టిపారేయలేను. ఈ వేసవిలో కైల్ ఆండర్సన్‌ను, బడ్డీ హీల్డ్‌ను తెచ్చుకున్న పద్ధతి వల్ల వారియర్స్ మొత్తం జీతాలు ఈ సీజన్‌లో 17 కోట్ల 81 లక్షల డాలర్లను దాటకూడదు. ఈ ఏడాదికి మార్కనెన్ చవకే. 2025లో అతని ఒప్పందం ముగిశాక అతను జీతాల పరిమితిలో 30 శాతం దాకా అడగవచ్చు, అడుగుతాడు కూడా. కర్రీకి ఈ సీజన్‌లోనే 5 కోట్ల 57 లక్షలు, విగ్గిన్స్‌కు 2 కోట్ల 63 లక్షలు, గ్రీన్‌కు 2 కోట్ల 41 లక్షలు ఇస్తూ ఇంకొకరికి అంత ఇవ్వడం సాగదు. కాబట్టి ఈ బేరం చేసేవాళ్లు ఏడాది లోపల విగ్గిన్స్ ఒప్పందాన్ని కూడా వదిలించుకోవడానికి సిద్ధపడి చేయాలి. ఆ మాట ముందే అనుకోకుండా మార్కనెన్‌ను తెస్తే వ్యాసకర్త చెప్పిన ఇబ్బందే ఎదురవుతుంది.

వ్యవధి కూడా లేదు. ఆగస్టు 6 నుంచి యూటాకు మార్కనెన్ ఒప్పందాన్ని తిరగరాసి, జీతం పెంచి, ఏళ్లు పొడిగించే వీలుంది. అలా పెద్ద మొత్తానికి తిరగరాస్తే ఆరు నెలల పాటు అతన్ని ఏ జట్టుకూ పంపకూడదు. ఈ సీజన్ ట్రేడ్ గడువు 2025 ఫిబ్రవరి 6. అంటే సంతకం ఒక్క రోజు ఆలస్యంగా, ఆగస్టు 7న పెట్టినా మార్కనెన్ ఈ సీజన్ అంతా యూటాలోనే ఉంటాడు. "ఓపిక పడదాం, ఫిబ్రవరిలో చూద్దాం" అన్న దారి వ్యాసకర్త అనుకున్నట్టు తెరిచి లేదు. ఆగస్టు మొదటి వారం లోపు ఎయింజ్ ఇద్దరిలో ఒకరికి ఒప్పుకుంటే వారియర్స్ సంతకం పెట్టాలి, ఒప్పుకోకపోతే పొజెమ్‌స్కీని, కుమింగాను ఉంచుకుని, రింగ్ దగ్గర కాపలా కాస్తూ దూరం నుంచి షాట్ వేయగల మరో పొడగరి కోసం ఇతర జట్ల తలుపులు తట్టాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
జులై, 2024